ప్లంబాగో: మూస మీదా అదే పేరు, పూలకుండీ మీదా అదే పేరు!

మేడతోట (బెంగళూరు)
లాల్‌బాగ్ వైపు నర్సరీలో నీలిపూల పొదకి 'ప్లంబాగో' అని చీటీ కట్టారు. నగర్తపేటలో కంసాలి సామాన్ల కొట్టుకెళ్తే బంగారం కరిగించే మూసని కూడా ప్లంబాగో మూస అన్నారు. ఈ రెంటికీ ఏమిటి చుట్టరికం? సీసం గాని ఉంటుందా? ఇంట్లో పాకే బిడ్డ ఉంది, అందుకే అడుగుతున్నా. ఇంకో సంగతి, మొక్క కొమ్మలు సాగుతోంది తప్ప పూయదు. ఎనిమిదంగుళాల కుండీ, ఉదయం రెండు గంటల ఎండ, నెలకోసారి యూరియా. ఆకుల అడుగున తెల్లపొడి ఉంటే పిండినల్లి అనుకుని వేపనూనె కొడుతున్నాం.

పదాలపిచ్చి
చుట్టరికం పేరు వరకే. లాటిన్‌లో సీసం 'ప్లంబం'. గొట్టాలు బిగించే ప్లంబరూ ఆ ఇంటిపేరువాడే, రోమన్ల నీటిగొట్టాలు సీసంవి కాబట్టి. ప్లంబాగో అన్నది మొదట సీసపు ఖనిజానికి పేరు. తర్వాత నల్లగా మెరుస్తూ, రుద్దితే గీత పడే రాయి ఏది కనబడ్డా సీసం జాతే అనుకున్నారు, అలా పెన్సిల్ పుల్లలో వాడే గ్రాఫైట్‌కీ ఆ పేరు అంటింది. 1779లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే అది కర్బనమని తేల్చాడు. 1789లో జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త వెర్నర్ 'రాయడం' అనే గ్రీకు మాట నుంచి గ్రాఫైట్ అని పేరు పెట్టాడు. అప్పటికే వ్యాపారుల నోట పాతపేరు స్థిరపడిపోయింది; సింహళం (శ్రీలంక) గ్రాఫైట్‌ని చాలాకాలం ప్లంబాగో అనే అమ్మారు.

మొక్క పేరూ సీసం నుంచే. సీసం విషానికి మందని కొందరు, దాని రసం చేతికి సీసపు రంగు మరక వేస్తుందని కొందరు కారణం చెబుతారు. పేరులో ఉన్నా పొదలోనూ గ్రాఫైట్‌లోనూ సీసం లేదు. పెన్సిల్ పుల్ల కూడా గ్రాఫైట్, బంకమన్ను కలిపి కాల్చిందే.

కుండీమట్టి
సీసం లేదు గానీ బిడ్డకి అందనివ్వకండి. ఈ జాతి మొక్కల్లో, ముఖ్యంగా వేర్లలో, ప్లంబాజిన్ అనే పసుపు పదార్థం ఉంటుంది. రసం తగిలితే చర్మం మండి పొక్కవచ్చు. కత్తిరించేటప్పుడు చేతితొడుగులు వేసుకోండి. తెల్లపూల చిత్రమూలం దీని దాయాదే. దాని వేరుని ఆయుర్వేదంలో సున్నపు తేటలో శుద్ధి చేశాకే వాడతారు. గర్భిణులు దాని జోలికే పోకూడదు. మీ నీలిపూల మొక్క దక్షిణాఫ్రికాది, దాన్ని చిత్రమూలమని ఎవరైనా మందుకడిగితే ఇవ్వకండి.

పూయకపోవడానికి మొదటి కారణం ఎండ. రెండు గంటలు చాలదు, ఐదారు గంటలు కావాలి. రెండోది యూరియా, నత్రజని ఎక్కువైతే ఆకే వస్తుంది. అది మానేసి రెండు నెలలకోసారి రెండు గుప్పెళ్ల పశువుల ఎరువు చాలు. కుండీ పన్నెండంగుళాలది తీసుకుని రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఎరువు, ఒక పాలు ఇసుక కలపండి. పూత కొత్తకొమ్మల చివర్లలోనే వస్తుంది. అందుకని పూత అయ్యాక మూడోవంతు కత్తిరించాలి. చిగురు సాగుతుండగా కొసలు తుంచితే పూతే పోతుంది.

తెల్లపొడి సంగతి: అది పురుగు కాదండీ. ఈ మొక్క ఆకు అడుగునున్న గ్రంథుల నుంచి సున్నపు లవణాన్ని బయటికి వదులుతుంది. గోటితో గీకితే పొడిగా రాలుతుంది. పిండినల్లి అయితే దూదిలా జిగటగా ఉండి నలిపితే తడి తగులుతుంది. వేపనూనె మానేయండి. పూత వచ్చాక మొగ్గలకి చిల్లులు కనబడితే జీబ్రా బ్లూ సీతాకోకచిలుక గొంగళి అయుండొచ్చు, పూలూ మొగ్గలే దాని తిండి. నాలుగు మొగ్గలు పోతే పోనివ్వండి.

కొలిమి (చెన్నై)
ప్లంబాగో మూస అంటే బంకమన్ను, గ్రాఫైట్ కలిపి కాల్చింది. వేడి తొందరగా ఎక్కుతుంది, ఉత్త మట్టిమూసకన్నా ఎక్కువసార్లు వాడుకోవచ్చు. కొత్తది తెచ్చి నేరుగా కొలిమిలో పెడితే లోపలి చెమ్మ ఆవిరై పగులుతుంది. ముందు సన్నసెగ మీద ఖాళీగా బాగా ఆరనివ్వండి, ఆపైన ఎర్రబడేదాకా కాల్చండి. తర్వాతే లోహం వేయాలి, అదీ వదులుగా. కుక్కితే వ్యాకోచించి గోడ చీలుతుంది. లోహం కరిగేటప్పుడు వేసే వెలిగారం (బోరాక్స్) చిటికెడు చాలు, ఎక్కువైతే గోడని తినేస్తుంది. మిగిలిన లోహాన్ని మూసలోనే గడ్డకట్టనివ్వొద్దు.

మేడతోట (బెంగళూరు)
కుండీ పడమటి డాబాకి మారుస్తాం. గ్రాఫైట్ పొడి తాళాలకి వేస్తారట, నూనెతో కలపాలా?

కొలిమి (చెన్నై)
కలపొద్దు. నూనె తగిలితే పొడి ముద్దకట్టి దుమ్ము పట్టి తాళం బిగుస్తుంది. పాత నూనె తుడిచి, మెత్తని పెన్సిల్‌తో తాళంచెవికి రెండు వైపులా రుద్ది, పదిసార్లు తిప్పండి.