మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్ చూసాక ఒక డౌట్: కలని ఎలా షూట్ చేయాలి?

వాకిలి_ముగ్గు:
నిన్న రాత్రి మాయా డెరెన్ తీసిన మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్ చూసానండీ, 1943 లోది, 14 నిమిషాలే, వరసగా రెండుసార్లు చూసా. ఒకావిడ ఇంటికొస్తుంది, తాళంచెవి చేయి జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోతుంది, లోపల బ్రెడ్డులో గుచ్చిన కత్తి, మెట్ల మీద రిసీవర్ తీసి పెట్టిన ఫోను, ఆవిడ కుర్చీలో కూర్చుని నిద్రపోతుంది, అక్కణ్ణుంచి అదే మళ్ళీ మళ్ళీ జరుగుతుంది కానీ ప్రతిసారీ కాస్త తేడాగా. నల్ల ముసుగు మనిషికి ముఖం ఉండాల్సిన చోట అద్దం ఉంటుంది, అది చూసి ఒళ్ళు జలదరించింది. కథేంటి అని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పలేను. తాళంచెవి అంటే ఇది, కత్తి అంటే అది అని ఏమైనా లెక్క ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే మా అమ్మమ్మ పోయి రెండేళ్ళయింది, అప్పట్నుంచి ఒకటే కల వస్తోంది. ఆవిడ వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతుంటుంది, నేను దగ్గరికెళ్ళి చూస్తే చేటలో బియ్యం ఉండవు, గవ్వలుంటాయి. దీన్ని 5 నిమిషాల షార్ట్ ఫిల్మ్‌గా తీద్దామని. మా ఫ్రెండేమో బ్లూ టింట్ వేసి, అంచులు బ్లర్ చేసి, మొత్తం స్లో మోషన్ పెట్టు, లేకపోతే కల అని జనానికి తెలీదు అంటున్నాడు. నిజమేనా?

పాత_రీలు:
ముందు అమ్మమ్మ గారి గురించి విని బాధేసిందండీ.

లెక్క ఏమీ లేదు. డెరెన్‌కి తన సినిమాని సర్రియలిజం (తర్కానికి అందని, కలల్లాంటి బొమ్మలతో చేసే కళ) అనడమే ఇష్టం ఉండేది కాదు, సైకాలజీ పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో వస్తువుకీ అర్థం రాసుకోవడం ఇంకా ఇష్టం ఉండేది కాదు. మామూలుగా జరిగిన చిన్న విషయం మనసులోకి వెళ్ళి ఎంత పెద్దదవుతుందో చూపించాలన్నదే ఆవిడ పట్టుదల. మీకు ఒళ్ళు జలదరించిందంటే సినిమా అందినట్టే.

ఎడిటింగ్_టేబుల్:
బ్లర్ వద్దండీ, దయచేసి వద్దు. ఆ సినిమాని ఇంకోసారి సౌండ్ ఆపేసి చూడండి, అసలు తీసినప్పుడు అది మూకీయే, టీజీ ఇటో సంగీతం 1959 లో చేర్చారు. ఏముంది అందులో? లాస్ ఏంజెలిస్‌లో డెరెన్ వాళ్ళు ఉంటున్న ఇల్లే, పట్టపగలు ఎండ, 16 ఎంఎం కెమెరా, నటించింది ఆవిడా ఆవిడ భర్త అలెగ్జాండర్ హమ్మిడ్, ఇద్దరూ కలిసి తీసుకున్నదే. బ్రెడ్డు బ్రెడ్డులాగే ఉంటుంది, ఫోను ఫోనులాగే ఉంటుంది, ఏదీ మసగ్గా ఉండదు. కానీ ఇందాక ఫోనున్న చోట ఇప్పుడు కత్తి ఉంటుంది. కల అంతా అక్కడుంది, వస్తువులో కాదు, ఒక షాట్‌ని ఇంకో షాట్‌కి అతికించిన చోట.

ఆవిడ కత్తి పట్టుకుని నిద్రపోతున్న తన వైపే నడిచే సీన్ గుర్తుందా, ఒక అడుగు సముద్రపు ఇసుక మీద పడుతుంది, తర్వాతది గడ్డిలో, తర్వాతది సిమెంటు బాట మీద, చివరిది గదిలో కార్పెట్ మీద. నాలుగు చోట్ల విడివిడిగా తీశారు, కానీ నడక ఆగదు కాబట్టి కన్ను నమ్మేస్తుంది, నేనైతే ఆ కొన్ని సెకన్లని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసానో. స్లో మోషన్ కూడా ఉంది, లేదనను, కానీ మెట్లలాంటి ఏ కొన్ని చోట్లో, సినిమా మొత్తానికి పూయలేదు. ఇంకోటి గమనించారా, నిద్రపోయేదాకా ఆవిడ ముఖం సరిగ్గా చూపించరు, నీడ, చేయి, పాదాలు అంతే. మెలకువలో దాచి కలలో చూపించారు!

చీమల_చేయి:
నా ఓటు మాత్రం ఆన్ షియాన్ అందలూ అనే సినిమాకి, 1929 లోది, డైరెక్టర్ బున్యుయెల్, చిత్రకారుడు డాలీ కలిసి చేసింది. మేఘం చంద్రుణ్ణి కోసుకుంటూ పోయినట్టు బున్యుయెల్‌కి కల, అరచేతిలో చీమలు పాకినట్టు డాలీకి కల, ఆ రెండు కలలతోనే మొదలైంది. అర్థం చెప్పగలిగిన ఏ ఇమేజ్ వచ్చినా పక్కన పెట్టేయడమే రూలు. ఎనిమిదేళ్ళ తర్వాత అని టైటిల్ కార్డ్ వేస్తారు, చూస్తే అదే గది, అవే ముఖాలు. హీరోయిన్ గది తలుపు తీస్తే నేరుగా సముద్రం ఒడ్డు. వాకిలి గారు కూడా అర్థం తగలని ఇమేజ్‌లు ఇంకొన్ని కలపాలి.

ఎడిటింగ్_టేబుల్:
ఆ తలుపు కట్ గొప్పదే, ఒప్పుకుంటా. కానీ ఆ రూలు ఇక్కడ పనికిరాదు, ఆ ఇద్దరిదీ చూసేవాడి నెత్తిన కొట్టే సినిమా, కంటిని రేజర్‌తో కోసే షాట్‌తో మొదలెట్టింది అందుకే. అమ్మమ్మ కలకి ఆ దెబ్బ ఎందుకు? వాకిలి గారూ, మీరు ఇంకే ఇమేజూ కలపొద్దు. చెరిగేటప్పుడు చేట ఎగరేస్తాం కదా, పైకి లేచేవి బియ్యం, కింద పడేవి గవ్వలు, చేయి కదలిక మధ్యలో కట్ చేయండి, వెలుతురు మారకుండా రెండు షాట్లూ ఒకే పూట తీయండి. ఆ చేట శబ్దం లైవ్‌గా రికార్డ్ చేసుకోండి, గవ్వలు కనబడకముందే ఒకసారి గవ్వల చప్పుడు వినిపించండి.

వాకిలి_ముగ్గు:
ఇది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేసానండీ. కలలో నాకు గవ్వలు చేటలో పడున్నట్టే కనబడతాయి, పడటం ఎప్పుడూ చూడలేదు, అది నేనే చూపించొచ్చని తట్టనేలేదు. చేట అమ్మ దగ్గరుంది, ఒక అంచు అమ్మమ్మ తీగతో కట్టింది అలాగే ఉంది. అమ్మనే కూర్చోమని అడిగా, చేతులు మాత్రమే అయితే సరే అంది. ఆదివారం పొద్దున ఎండ వాకిట్లోకి వచ్చాక మొదలుపెడతాం.