బాబ్ విల్స్ ప్రభావం కంట్రీ సంగీతంలో ఎక్కడెక్కడ వినిపిస్తుంది? తెలిసినవారు చెప్పండి

అందరికీ నమస్కారం. 1930లలో టెక్సాస్, ఓక్లహోమా డ్యాన్స్ హాళ్లలో ఫిడిల్ పాటలకు జాజ్, బ్లూస్ కలిపి వాయించిన వెస్టర్న్ స్వింగ్ అంటే నాకు ప్రాణం. బాబ్ విల్స్, మిల్టన్ బ్రౌన్ రికార్డులు చాలానే విన్నాను. ఆ తర్వాతి దారే సరిగ్గా అందడం లేదు.

కంట్రీ గాయకుడు మెర్ల్ హాగర్డ్ 1970లో విల్స్‌కి నివాళిగా ఆల్బమ్ చేశాడు. దానికోసం ఫిడిల్ నేర్చుకుని, విల్స్ బృందమైన టెక్సాస్ ప్లేబాయ్స్ పాత వాద్యకారులను పిలిచి మరీ వాయించాడు! అందులో ఉన్న జానీ గింబుల్ ఫిడిల్ తర్వాత జార్జ్ స్ట్రెయిట్ పాటల్లోనూ వినిపిస్తుంది. ఒక తరం చేయి పట్టుకుని ఇంకో తరాన్ని నడిపించినట్టు అనిపించింది. వెస్టర్న్ స్వింగే వాయించే అస్లీప్ ఎట్ ద వీల్ బృందం సరేసరి.

నా ప్రశ్న స్టీల్ గిటార్ (తీగలపై లోహపు కడ్డీ జరిపి వాయించే గిటార్) గురించి. విల్స్ బృందంలో దాన్ని వాయించిన లియాన్ మెకాలిఫ్ శైలి నుంచి నాష్‌విల్ పెడల్ స్టీల్ (పెడళ్లతో స్వరం మార్చే స్టీల్ గిటార్) దాకా వచ్చిన మార్పు చెవికి తెలియాలంటే ఏ రికార్డులు, ఏ వరుసలో వినాలి? కంట్రీ గాయకుడు రే ప్రైస్ షఫుల్ (ఊగే లయ) పాటల్లో స్వింగ్ వాటా ఎంత? డాలస్, ఫోర్ట్ వర్త్ వైపు ఉన్న మనవాళ్లు ఈ సంగీతం ఇప్పటికీ లైవ్‌లో ఎక్కడ వినొచ్చో కూడా చెప్పండి, ప్లీజ్.