ముత్తవ్వ పుట్టిల్లు దొర్కాలంటే డీఎన్ఏ టెస్టా, ఫస్లీ కాయితాలా?

డిండి పోరడు: మా నాయిన వాళ్ల నాయినమ్మ నిజాం జమానల అచ్చంపేట దిక్కు నుంచి దేవరకొండ తాలూకల మా ఊరికి కోడలై వచ్చిందట, పుట్టింటోళ్ల ఇంటిపేరేందో ఇంట్ల ఎవ్వరికి తెల్వది. ముత్తాత సచ్చిపోయినంక 1346 ఫస్లీల (నిజాం సర్కారు రెవెన్యూ సాలు లెక్క) అయిన విరాసత్ (వారసుల పేరు మీదికి భూమి మార్చుడు) నకలు దొర్కింది, అండ్ల ఆమె పేరు, పక్కన బేవా (మొగడు సచ్చినామె) అని మొగని పేరు, అంతే, తండ్రి ముచ్చటే లేదు. తమ్ముడేమో డీఎన్ఏ కిట్ తెప్పిద్దాం అంటుండు. పైసలు దండుగనా?

పాలమూరు పటేల్: దండుగనే. ఫస్లీకి 590 కలిపితే 1936, అప్పటియి శానమట్టుకు ఉర్దూలనే ఉంటయి, మంచిగ సదివెటోని తోని ఇంకోపారి సదివిపియ్యి. తార్నాకల స్టేట్ ఆర్కైవ్స్ ఉండనే ఉంది. కాయితం లేనిది ఏం చెప్పినా కతనే.

లక్కగాజులు: పటేలన్నా, ఆడిమనిషి పేరు కాయితం ఎక్కేదే మొగడు సచ్చినంక, ఇగ పుట్టిల్లు ఎవడు రాస్తడు? పిచ్చకుంట్లోళ్లు వచ్చి గోత్రాలు చెప్పినా అదీ మొగోళ్ల వరసనే. తమ్మీ, మీ తాతది మేనరికమా? మేనమామ బిడ్డనే చేసుకుంటే మీ నాయినమ్మ పుట్టిల్లే మీ ముత్తవ్వ పుట్టిల్లు, నువ్వు ఊకెనే తిరుగుతున్నవ్.

బయాలజీ సారు: కిట్ సంగతి నేను చెప్త. మైటోకాండ్రియా (కణంల ఉండే చిన్న భాగం) డీఎన్ఏ తల్లి నుంచే వస్తది, కొడుకు తన పిల్లలకు ఇయ్యలేడు. నీకూ ఆమెకూ నడుమ తాత, నాయిన ఉన్నరు గదా, నీల ఆమె మైటోకాండ్రియా లేదు. ఆమె బిడ్డకు బిడ్డ ఎవరన్న ఉంటే వాళ్లియ్యాలె, ఇచ్చినా ఊరి పేరు రాదు. పైంగ మేనరికాలు ఎక్కువున్న మనోళ్లల్ల దూరపోళ్లు గూడ దగ్గరోళ్ల లెక్క కనపడ్తరు.

పాలమూరు పటేల్: అందరియి మేనరికాలేనా అక్కా? ఉత్త అందాజ గది.

లక్కగాజులు: అందాజనే, గని దాంతోని ఊరు దొర్కుతది. ఊరు దొర్కినంక ఆ ఊరి 1954-55 ఖాస్రా పహాణీల (ఊరి భూముల రికార్డు) ఆ ఇంటిపేరోళ్లు ఉన్నరా సూస్కో, అప్పుడు నీ కాయితం పనికొస్తది. ముందుగాల ముసలోళ్లను అడుగు, పహాణీ ఎటు పోదు.

డిండి పోరడు: నాయినమ్మది అమ్రాబాద్ దిక్కే అక్కా! మేనరికమా కాదా పెద్దత్తనడిగి చెప్త. తమ్ముడు మాత్రం కిట్ ఆర్డర్ పెట్టేసిండట.

బయాలజీ సారు: పెడ్తే పెట్టిండు, ఉమ్మి మాత్రం వాన్ని ఇయ్యొద్దను.