ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కి వస్తుందో చెప్పే కొలత; 1 అయితే ఏమీ రాదు) 1.1 వస్తే యాంటెన్నా బాగున్నట్టేనా?

కల్వకుర్తి_హ్యామ్:
మా చెలకల హ్యామ్ రేడియో యాంటెన్నాకు 5 మీటర్ల అల్యూమినియం పైపు నిలబెట్టి, దాని అడుగున కాయిల్ చుట్టి 7.1 మెగాహెర్ట్జ్‌కు ట్యూన్ చేసిన. భూమిల ఎర్త్ రాడ్డు ఒక్కటే. నానోవీఎన్‌ఏ (యాంటెన్నా కొలిచే మీటరు) 50 ఓమ్‌లు చూపిస్తుంది. ఎమ్మానాలో (యాంటెన్నా లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) మోడల్ చేస్తే 7 ఓమ్‌లే వస్తున్నయి. ఏది నమ్మాలె? రేడియల్స్ (పైపు అడుగు నుంచి నేల మీద చుట్టూ పరిచే తీగలు) వేయాల్నా?

మిర్యాలగూడ_40మీ:
కొలిచిందే నిజం అన్నా. రిగ్‌కు (రేడియో సెట్టుకు) కావాల్సింది 50, వచ్చింది 50. రేడియల్స్ వేస్తే ఎస్‌డబ్ల్యూఆర్ పెరుగుతది, మా దోస్తు దగ్గర కళ్లార చూసిన. మంచిగ ఉన్నదాన్ని ఎందుకు కదిలించాలె?

నల్లగొండ_సీడబ్ల్యూ:
దయచేసి వదిలేయకండి. మోడలూ నిజమే, మీటరూ నిజమే. ఎమ్మానా ఇంపెడెన్స్ (మీరన్న ఓమ్‌లు) లెక్కకు భూమిని నష్టంలేని వాహకంగానే తీసుకుంటుంది. రియల్ గ్రౌండ్ పెట్టినా మారేది ప్యాటర్నే (సిగ్నల్ ఏ దిక్కుకు ఎంత పోతుందనేదే). అంత పొట్టి పైపుకు రేడియేషన్ రెసిస్టెన్స్ (ఓమ్‌లలో సిగ్నల్‌గా గాలిలోకి పోయే వాటా) సుమారు 5.5 ఓమ్‌లు. కాయిల్ రియాక్టెన్స్ (ఆర్‌ఎఫ్ కరెంటుకు అడ్డే, నష్టం కాదు) 370 ఓమ్‌ల దాకా ఉంటుంది, క్యూ (రియాక్టెన్స్‌ను నష్టంతో భాగిస్తే వచ్చే కాయిల్ నాణ్యత) 200 అనుకుంటే దాని నష్టం 1.8. మిగతా 43 ఓమ్‌లు మట్టివే! 100 వాట్లు పంపితే గాలిలోకి పోయేది 11. మనది ఎర్ర చెలక, కింద బండ, ఎండాకాలం తడే ఉండదు. ఆర్‌ఎఫ్ కరెంటు తిరిగి రావడానికి ఇక్కడ ఒక్క రాడ్డు చాలదు.

రేడియల్స్‌తో మొత్తం 18 ఓమ్‌లకు దిగిందనుకోండి. ఎస్‌డబ్ల్యూఆర్ 2.8 అవుతుంది, గాలిలోకి 30 వాట్లు పోతాయి. మీ దోస్తు దగ్గర చూసింది యాంటెన్నా బాగుపడటమే.

మిర్యాలగూడ_40మీ:
2.8 అయితే రిగ్ పవర్ తగ్గించుకోదా? కోయాక్స్‌లో (రిగ్ నుంచి యాంటెన్నాకు పోయే కేబుల్‌ల) పోయేదో?

నల్లగొండ_సీడబ్ల్యూ:
15 మీటర్ల ఆర్‌జీ-58 కోయాక్స్‌లో 2.8 దగ్గర కూడా మొత్తం నష్టం 1 డీబీ చుట్టే. వచ్చే లాభం 4.4 డీబీ. రిగ్ సంగతి మాత్రం మీరన్నది ఒప్పుకుంటా. దానికి మందు పైపు మొదట్లోనే ఉంది: లోడింగ్ కాయిల్ కొంచెం తగ్గించి 24 ఓమ్‌ల కెపాసిటివ్ రియాక్టెన్స్ మిగల్చండి, ఫీడ్ పాయింట్ (కోయాక్స్ కలిసే చోటు) నుంచి గ్రౌండ్‌కు 0.84 మైక్రోహెన్రీ కాయిల్ కట్టండి. మళ్లీ 50.

కల్వకుర్తి_హ్యామ్:
కాలిపోయిన బోరు మోటారు వైండింగ్ తీగ ఉన్నది, పనికొస్తదా?

నల్లగొండ_సీడబ్ల్యూ:
బ్రహ్మాండంగా. పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటే ఉండనీయండి, పైపు దగ్గర కొనలు మాత్రం గీకండి. నాలుగేసి తీగలు పరుస్తూ, ప్రతిసారీ రెసిస్టెన్స్ రాసుకోండి. తగ్గడం ఆగిన చోట మీరూ ఆగండి.