కూప్డ్ అప్ అంటే ఎవరో బంధించారనా, ఇంట్లో ఉండిపోయామనా?

ప్రశ్న (సోంపేట నుంచి):
పోటీ పరీక్షలకి ఇంగ్లిష్ చదువుతున్నాను. 'ఐ వజ్ కూప్డ్ అప్ ఇన్ ది హౌస్ ఆల్ వీక్' దగ్గర ఆగిపోయాను. డిక్షనరీ యాప్‌లో 'నిర్బంధించు' అని ఉంది, మరి బంధించింది ఎవరు? వాక్యంలో ఎవరూ కనపడరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మేమంతా తలుపులు బిగించుకుని ఇంట్లోనే ఉన్నాం, దాన్ని ఇలా చెప్పొచ్చా? లాక్ అప్ కూడా ఇదేనా?

జవాబు (బొబ్బిలి నుంచి):
కూప్ అంటే కోళ్ల గూడు. పూర్వం ఆ మాటకి బుట్ట అనే అర్థం ఉండేది, మన ఊళ్లలో కోడిని గంప కింద మూసేస్తాం కదా, అచ్చం అదే. అందుకే ఇందులో అసలు సంగతి ఇరుకు, కదల్లేకపోవడం, దాంతో వచ్చే విసుగు. ఎవరూ తాళం వేయక్కర్లేదు, ముసురు పట్టినా, కాలు విరిగి మంచం మీద ఉన్నా సరిపోతుంది. ఎక్కువగా 'బి కూప్డ్ అప్', 'ఫీల్ కూప్డ్ అప్' అనే వాడతారు, ఆ తర్వాత 'ఇన్' పెట్టి చోటు చెబుతారు. ఆదివారం ఇంట్లో హాయిగా పడుకున్నవాళ్లు ఈ మాట అనరండీ, వాళ్లది 'స్టేడ్ ఇన్'. 'నిర్బంధించు' అని బట్టీ పట్టకండి, ఆ విసుగంతా పోతుంది.

జవాబు (విజయనగరం నుంచి):
లాక్ అప్ వేరు. అక్కడ తాళం వేసేవాళ్లు ఉంటారు, 'ది పోలీస్ లాక్డ్ హిమ్ అప్'. స్టేషన్‌లో గదిని లాకప్ అనేది అందుకే. రాత్రి షాపుకి తాళం వేసినా ఇదే మాట.

తిత్లీ గురించి మాత్రం ఒకటి చెప్పాలి. ఆ తెల్లవారుజామున ఆ గాలికి మీరు లోపల ఉన్నది ప్రాణభయంతో, విసుగుతో కాదు. దానికి కూప్డ్ అప్ అంటే చాలా చిన్నమాట అయిపోతుంది, 'వి టుక్ షెల్టర్' అని రాయండి. తర్వాత కరెంటు లేక, చెట్లు పడి దారులు మూసుకుపోయి, పిల్లలతో ఇంట్లోనే ఉండాల్సి వచ్చింది చూడండి, ఆ రోజులకి సరిగ్గా సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడు తేడా తెలిసింది మాస్టారూ. హెమ్డ్ ఇన్ కూడా ఇలాంటిదేనా?

జవాబు (బొబ్బిలి నుంచి):
అది చుట్టూ ఏదో కమ్ముకుని దారి లేకపోవడం. సంతలో మీ బండికి ముందూ వెనకా ఆటోలు పెట్టేస్తే హెమ్డ్ ఇన్. ఇంకోటి, కూప్డ్ అని రాస్తున్నాం గానీ పలికేటప్పుడు చివర 'ట్' వినపడాలి, కూప్ట్.