ఈకల దిండ్లను ఉతకవచ్చునా, ఎండబెడితే చాలునా?

ఉప్పుగాలి: మా నాన్నగారు ఓడల్లో పనిచేసిన రోజుల్లో తెచ్చిన బాతు ఈకల దిండ్లు నాలుగు ఉన్నాయి. గలీబు తీస్తే లోపలి గుడ్డంతా పసుపుపచ్చని మరకలు, తలనూనె కలిసిన ముక్క వాసన. ఇంట్లోనే ఉతకవచ్చునా?

మర్రిపాలెం వాసి: నిస్సందేహంగా ఉతకవచ్చు. కుట్లు ఊడలేదని చూసుకొని, ముందు తలుపున్న వాషింగ్ మెషీన్‌లో రెండేసి దిండ్లు వేసి, గోరువెచ్చని నీటిలో కొద్దిపాటి ద్రవ సబ్బుతో నెమ్మదిగా తిప్పి, నురగ పూర్తిగా పోయేవరకు జాడించండి. చాకలి సోడా, బ్లీచింగ్ వద్దు. మన వెంట్రుకలాగే ఈక కూడా కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారైనది గనుక ఘాటైన క్షారానికి పెళుసుబారుతుంది.

పెదవాల్తేరు ఇల్లాలు: దిండుకు నీళ్లు తగలనివ్వకూడదు. మా అమ్మగారు ఏటా మండుటెండలో వేసి, కర్రతో కొట్టి, దులిపి తెచ్చేవారు. ఆ దిండ్లు నా పెళ్లి వరకు వచ్చాయి. మేము ఒక లాండ్రీకి ఇచ్చిన దిండు మాత్రం ఉండలు కట్టి, నడిమధ్యలో తడితో తిరిగి వచ్చింది.

మర్రిపాలెం వాసి: ఉండలు కట్టింది ఉతికినందుకు కాదు, ఆరనందుకు. డ్రైయర్‌లో తక్కువ వేడి పెట్టి, రెండు శుభ్రమైన టెన్నిస్ బంతులు కూడా వేసి, మధ్యమధ్య తీసి ఉండలను చేత్తో విడదీయాలి.

పెదవాల్తేరు ఇల్లాలు: విశాఖలో ఎన్ని ఇళ్లలో డ్రైయర్ ఉందండీ? డబ్బాలోని అప్పడాలే మెత్తబడిపోయే ఈ సముద్రపు గాలిలో దిండు ఎప్పటికి ఆరుతుంది?

ఎంవీపీ కాలనీ: బూరుగు దూది దిండ్లకూ ఇదే పద్ధతా?

పెదవాల్తేరు ఇల్లాలు: మా అమ్మగారివి అవే.

మర్రిపాలెం వాసి: ఇంతసేపూ బూరుగు దూది గురించా మీ వాదన! ఆ పోగు లోపల బోలు, పైన మైనపు పొర. నీటిని పట్టదు గనుకనే ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో నింపేవారు. దాన్ని ఉతకకూడదన్నది నిజమే. ఈకల సంగతి తెలియకుండా సలహా ఇవ్వడం దేనికి?

పెదవాల్తేరు ఇల్లాలు: లాండ్రీ నుంచి వచ్చింది ఈకల దిండే. ఉతికిద్దామన్నది మా వారు. దాన్ని రోజూ మేడ మీదికి మోసి, గంటగంటకూ తిరగేసి, చినుకు పడగానే పరుగున కిందికి తెచ్చింది నేను. చెప్పేవారికేం, ఎన్నయినా చెబుతారు.

మర్రిపాలెం వాసి: వానాకాలంలో ఉతకమని నేను ఎక్కడ రాశాను? సంక్రాంతి తరువాత ఉతకాలి.

గాజువాక పాతకాపు: ముందు దిండును మధ్యకు మడిచి వదలండి. తిరిగి విచ్చుకోకపోతే లోపల ఈకలే నలిగి విరిగాయన్నమాట. ఎంత ఉతికినా లేవదు.

ఉప్పుగాలి: మడిచి చూశాను. మూడు విచ్చుకున్నాయి, ఒకటి అలాగే ఉండిపోయింది. సంక్రాంతి వెళ్లాక ఆ మూడింటినీ ఉతుకుతాము.

పెదవాల్తేరు ఇల్లాలు: మేడ మీదికి మోసేది ఎవరో కూడా రాయండి.