కాన్సెప్ట్ ఫోన్ వీడియోలల్ల చూపెట్టే ఫీచర్లల్ల నిజంగ వచ్చేవి ఏవి?

గడియారంసెంటర్:

అందరికి నమస్తే. నల్లగొండల మొబైల్ షాపు మాది, అమ్మకం, రిపేరు రెండూ చేస్తం. కాలేజీ పిల్లలు యూట్యూబ్‌ల కాన్సెప్ట్ వీడియోలు పట్టుకొచ్చి “అన్నా, ఇది ఎప్పుడొస్తది, అప్పటిదాంక ఆగమంటవా?” అని అడుగుతున్నరు. ఎక్కువగ అడిగేటివి ఇవి: వెనక గ్లాసే సోలార్ ప్లేటు అయిన ఫోన్. గదిల ఎక్కడ కూసున్నా గాలిలకెళ్లి చార్జింగ్. 50 ఏండ్లు నడిచే అణు బ్యాటరీ. అవతలి మనిషి కనవడే గ్లాసు ఫోన్, దాని మీద గాలిల లేచే బొమ్మ. టవర్ లేకున్నా శాటిలైట్ కాల్, ఇది అచ్చంపేట దాటి అడవిలకు పోయేటోళ్లు అడుగుతరు. ఇంకోటి మర్రిగూడ దిక్కు నుంచి వచ్చేటోళ్లు అడిగేది: గ్లాసుల నీళ్లకు ఫోన్ చూపెడితే ఫ్లోరైడ్ ఎంతున్నదో చెప్పే సెన్సర్.

“ముందుముందు వస్తది” అంటే కౌంటర్ మీద పనికిరాదు. ఏది ఎందుకు కాదో, ఏది ఎంతవరకు అయిందో లెక్కతోని చెప్పుండ్రి.

వాట్‌లెక్క:

కరెంటు సంగతులు మూడూ నేను చెప్త. కొత్త ఫీచర్ ఏది చూసినా ముందుగాల “ఎన్ని వాట్లు?” అని అడుగు. సగం అక్కడనే తేలిపోతది.

సోలార్ తీసుకో. ఫోన్ వెనక భాగం 16 సెంటీమీటర్ల పొడుగు, 7.5 వెడల్పు, అంటే 120 చదరపు సెంటీమీటర్లు. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. ఈ జాగల పడేది 12 వాట్లు. మంచి సిలికాన్ సెల్లు అందుల 20–22 శాతం పట్టుకుంటది, అంటే రెండున్నర వాట్లు. కెమెరాల జాగ తీసేస్తే ఇంకా తగ్గుతది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీల దగ్గరదగ్గర 19 వాట్-అవర్లు ఉంటది. ఫోన్ బంద్ చేసి, ఎండకు సరిగ్గ ఎదురుగ పెట్టినా, మధ్యల పోయేది కలుపుకుంటే నిండనీకి 8–9 గంటల నడినెత్తి ఎండ కావాలె. అసొంటి ఎండ రోజుకు అయిదారు గంటలకు మించి దొరకదు.

వాట్లు ఎట్లనో సర్దుకున్నా వేడి సర్దుకోదు. లిథియం అయాన్ సెల్లును 45 డిగ్రీలు దాటినంక చార్జ్ చేయొద్దు. మే నెలల మన దగ్గర నీడలనే 44 ఉంటది. ప్యానెల్ పట్టుకోని మిగతా 9 వాట్లల చానా వరకు వేడిగ మారి నేరుగ బ్యాటరీ మీదికే దిగుతది, ఫోన్ తనంతట తానే చార్జింగ్ ఆపేస్తది. పైంగ సిలికాన్ ప్యానెల్ వేడెక్కినకొద్ది ఇచ్చేది కూడ డిగ్రీకి 0.3–0.4 శాతం పడిపోతది. ఇది కొత్త ఆలోచన కూడ కాదు. 2009ల సామ్‌సంగ్ మన దేశంలనే గురు ఈ1107 అని సోలార్ ఫోన్ అమ్మింది. గంట ఎండకు పెడితే 5 నుంచి 10 నిమిషాలు మాట్లాడొచ్చు, అదీ చిన్న స్క్రీన్ ఉన్న బటన్ల ఫోన్‌ల. పొలం కాడ కరెంటు లేదనేటోళ్లకు 20 వాట్ల మడత ప్యానెల్ అమ్ము. ప్యానెల్ ఎండల, పవర్‌బ్యాంకు దాని వెనక నీడల ఉండాలె. ఫోన్‌ను ఎండలకే తేవద్దు.

గాలి చార్జింగును 2021 జనవరిల షావోమీ “మి ఎయిర్ చార్జ్” పేరుతోని చూపెట్టింది. 144 యాంటెన్నాలున్న డబ్బా, కొన్ని మీటర్ల దూరంల 5 వాట్లు అన్నరు. అమ్మకానికి రాలేదు. రేడియో తరంగం దూరం పోయినకొద్ది పరుచుకుంటది, ఫోన్ యాంటెన్నా మీద పడ్డదే లెక్కకొస్తది, మిగతాది గోడలకు, మనుషులకు. ఎక్కువ పంపుదామంటే మనిషి ఒంటి మీద పడే రేడియో పవర్‌కు చట్టం గీసిన హద్దులున్నయి. మిల్లీవాట్ల లోపల బతికే ట్యాగులు, సెన్సర్లకు ఈ పద్ధతి సరిపోతది, ఫోన్‌కు సరిపోదు. వైర్‌లెస్ కావాలంటే 2023ల వచ్చిన చీ2 (Qi2, ప్యాడ్ మీద ఫోన్ పెట్టి చార్జ్ చేసే కొత్త పద్ధతి) చాలు. అయస్కాంతం కాయిల్‌కు ఎదురుగ కాయిల్‌ను కూసోవెడుతది కాబట్టి పాత ప్యాడ్‌లల్ల ఫోన్ జరిగి కాలిపోయే వేడి వచ్చుడు తగ్గింది.

అణు బ్యాటరీ నిజంగనే ఉన్నది. 2024 జనవరిల బీటావోల్ట్ అనే చైనా కంపెనీ నికెల్-63తోని 15 మిల్లీమీటర్ల పొడుగు, వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న సెల్లు చూపెట్టింది, 50 ఏండ్లు అన్నరు. వీడియోలల్ల చెప్పనిది దాని పవర్: 100 మైక్రోవాట్లు. ఫోన్ స్క్రీన్ వెలిగి ఉన్నప్పుడు తక్కువల తక్కువ 1 వాట్ తింటది అనుకో. అంటే 10,000 సెల్లులు. ఒక్కోటి 1.125 ఘన సెంటీమీటర్లు, అన్నీ కలిపితే 11 లీటర్లు దాటుతది. నీళ్ల బిందెంత బ్యాటరీ!

బ్యాటరీల నిజంగ వచ్చిన మార్పు సిలికాన్-కార్బన్, దీని గురించి పిల్లలు అడగరు. చార్జ్ చేసినప్పుడు లిథియంను పట్టుకునే పొరల ఇన్నాళ్లు గ్రాఫైట్ వాడిన్రు, ఇప్పుడు దాంట్ల సిలికాన్ కలుపుతున్నరు. గ్రాఫైట్ గ్రాముకు 372 ఎంఏహెచ్ దాంక పట్టుకుంటది, సిలికాన్ 3500 పైననే. కని లిథియం ఎక్కితే సిలికాన్ మూడింతలదాంక ఉబ్బి పగులుతది. అందుకే కార్బన్ గూడుల కొద్దిగనే కలుపుతరు. 2023ల ఆనర్ మ్యాజిక్5 ప్రో చైనా మోడల్‌తోని మొదలైంది, ఇప్పుడు మామూలు మందం ఫోన్లల్లనే 7000 ఎంఏహెచ్ వస్తున్నది. రిపేరుల ఒక్కటి పట్టుకో: వీటికి సైజు సరిపోయిందని పాత గ్రాఫైట్ సెల్లు వెయ్యొద్దు. చార్జ్ ఓల్టేజ్ హద్దు, ఖాళీ అయ్యే ఓల్టేజ్ రెండూ వేరు. పర్సెంటేజ్ తప్పు చూపెట్టుడు చిన్న సంగతి, ఓవర్‌చార్జ్ అయితే సెల్లు ఉబ్బుతది. పార్ట్ నంబర్ కలిస్తేనే వెయ్యి.

పాలమూరు_ఆర్‌ఎఫ్:

శాటిలైట్ నేను చెప్త. సాంకేతికంగ ఇది అయిపోయిన పని. 2022ల ఐఫోన్ 14ల గ్లోబల్‌స్టార్ కంపెనీ శాటిలైట్ల ద్వారా అత్యవసర మెసేజ్ వచ్చింది. 2025 జులైల అమెరికాల టీ-మొబైల్ అనే ఫోన్ కంపెనీ, స్టార్‌లింక్ అనే శాటిలైట్ కంపెనీ కలిసి మామూలు ఫోన్లకే మెసేజ్ సర్వీస్ మొదలుపెట్టినయి.

ఎందుకు ముందుగాల మెసేజ్‌తోనే మొదలైందో చూడు. ఫోన్ నుంచి బయటికి పోయే పవర్ 0.2 వాట్. టవర్ 3 కిలోమీటర్లల ఉంటే, స్టార్‌లింక్ ఫోన్ శాటిలైట్ దగ్గరదగ్గర 360 కిలోమీటర్ల పైన ఉంటది. దూరం 120 రెట్లు, సిగ్నల్ దాని వర్గం లెక్కన 14,400 రెట్లు సన్నబడుతది. ఆ లోటు తీర్చనీకి ఆకాశంల పెద్ద యాంటెన్నా పెట్టాలె. ఏఎస్‌టీ కంపెనీ బ్లూవాకర్ 3 యాంటెన్నా 64 చదరపు మీటర్లు. ఒక్క శాటిలైట్ కింద వందల కిలోమీటర్ల జాగల ఉన్నోళ్లందరూ అదే కొద్ది బ్యాండ్‌విడ్త్ పంచుకోవాలె. కాబట్టి వీడియో కాల్ చూపెట్టే కాన్సెప్టులు ఊర్లకూర్లు ఒకేసారి వాడుకునే లెక్కన ఇప్పట్ల రావు.

ఇక మన దగ్గర. ఐఫోన్ శాటిలైట్ ఫీచర్ ఇండియాల ఇయ్యలేదు. థురాయా, ఇరిడియం అనే శాటిలైట్ ఫోన్లు అనుమతి లేకుంట దగ్గర పెట్టుకుంటే కేసు అయితది, దుబాయ్ నుంచి ఎవరన్న తెచ్చిస్తమంటే వద్దని చెప్పు. అనుమతి వచ్చినా మన్ననూరు దాటినంక చెట్ల గుబురు కింద సిగ్నల్ ఆగిపోతది, ఆకాశం కనవడే జాగకు రావాలె.

అమ్రాబాద్ పోయేటోళ్లకు ఇయ్యాళ పనికొచ్చేది చెప్త. జీపీఎస్‌కు టవర్ అక్కర్లేదు, ఫోన్ వినుడే తప్ప పంపేది ఏం లేదు. హైదరాబాద్ నుంచి దోమలపెంట దాంక మ్యాప్‌ను ఇంటి వైఫైల ఆఫ్‌లైన్‌ల దించుకొమ్మను. టవర్ లేని కాడ ఫ్లైట్ మోడ్ వేసుకుంటే లొకేషన్ నడుస్తది, బ్యాటరీ మిగులుతది. లేకుంటే ఫోన్ పూర్తి పవర్‌తోని టవర్ వెతుక్కుంటనే ఉంటది. ఇంకోటి, 112కు కాల్ చేసేటప్పుడు మన సిమ్‌కు సిగ్నల్ లేకున్నా వేరే కంపెనీ టవర్ అందితే దాని మీద పోతది. ఫ్లైట్ మోడ్ తీసి చేయాలె.

నీళ్ల_పరీక్ష:

ఫ్లోరైడ్ ప్రశ్న మన జిల్లాకు ప్రాణంతో పని, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ఫోన్ కెమెరా గానీ, ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ గానీ నీళ్లను ఊరికే చూసి ఫ్లోరైడ్ చెప్పలేదు. ఫ్లోరైడ్ అయాన్‌కు రంగు లేదు, ఆ కాంతిని అది పీల్చుకోదు. 2017లో చాంగ్‌హాంగ్ హెచ్2 అనే ఫోన్‌లో నిజంగానే చిన్న స్పెక్ట్రోమీటర్ (వెలుగును విడదీసి కొలిచే పరికరం) పెట్టి చూపించారు. అది పండులో చక్కెర వంటి, శాతాల్లో ఉండే పదార్థాలకు. మన నీళ్లలో హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా. అంటే పది లక్షల్లో ఒక వంతు. చర్మం మీద వెలుగు వేసి షుగర్ చెప్తామనే వాచీలు, ఉంగరాలు కూడా నమ్మదగ్గవి కావు. సూది గుచ్చకుండా షుగర్ చూస్తామనే అలాంటివి వాడొద్దని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

అయితే నీళ్లలో రసాయనం కలిపితే వచ్చే రంగును ఫోన్ చదవగలదు. జిర్కోనియం లోహం, స్పాడ్న్స్ అనే రంగు కలిసిన ద్రావణం ఎర్రగా ఉంటుంది. ఫ్లోరైడ్ వచ్చి జిర్కోనియంను లాక్కుంటే ఎరుపు వెలిసిపోతుంది. ఎంత వెలిస్తే అంత ఫ్లోరైడ్. 10 మిల్లీలీటర్ల నీళ్లకు 2 మిల్లీలీటర్ల ద్రావణం, కలిపి ఒక నిమిషం ఆగాలి. చుక్కలు లెక్కపెట్టి పోస్తే లాభం లేదు, పిపెట్ (కొలత గీతలున్న గొట్టం) ఉండాల్సిందే. ఇక్కడ కొలిచేది రసాయనం రంగునే కాబట్టి అది కాస్త ఎక్కువ పడినా ఫలితం మారిపోతుంది.

పోల్చడానికి ప్రమాణ ద్రావణాలు కావాలి. 221 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ లీటరు డిస్టిల్డ్ నీళ్లలో కరిగిస్తే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. దాన్ని పదింతలు పలచన చేసి, అందులోంచి 4, 8, 12 మిల్లీలీటర్లు తీసి ఒక్కోదాన్ని 100కు నింపితే 0.4, 0.8, 1.2 వస్తాయి. సున్నాకు ఉత్త డిస్టిల్డ్ నీళ్లు. ప్లాస్టిక్ సీసాల్లో దాచాలి. సోడియం ఫ్లోరైడ్ విషం, స్పాడ్న్స్ ద్రావణంలో ఆమ్లం ఉంటుంది, పిల్లలకు అందనివ్వొద్దు.

ఫోన్ వైపు తప్పులు ఎక్కువగా ఆటోమేటిక్ సెట్టింగుల వల్ల వస్తాయి. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్, ఐఎస్ఓ, షట్టర్ మూడూ లాక్ చేయండి. తెల్ల కాగితం అతికించిన డబ్బాలో ఒకే ఎల్‌ఈడీ వెలుగు, అన్ని గ్లాసులూ ఒకే రకం, ఒకే చోట. ఎర్ర ద్రావణం పచ్చ వెలుగును పీల్చుకుంటుంది కాబట్టి ఫొటోలో గ్రీన్ విలువ చూడాలి. గ్లాసు మధ్యలో చదరపు ముక్క తీసుకుని సగటు కట్టండి, అంచులు మెరుపు వల్ల తప్పు చెప్తాయి. నమూనా, ప్రమాణాలు ఒకే వేడిలో ఉండాలి. బోరు నుంచి అప్పుడే తెచ్చిన నీళ్లతో చేయొద్దు.

రెండు ఉచ్చులున్నాయి. ఈ పద్ధతి 1.4 దాకానే సరిగ్గా నడుస్తుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న నీళ్లను అలాగే పెడితే రంగు పూర్తిగా వెలిసి తక్కువ చూపిస్తుంది. అనుమానమున్న నీళ్లను నాలుగింతలు పలచన చేసి, వచ్చిన అంకెను నాలుగుతో హెచ్చించాలి. రెండోది, పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతిలో శుద్ధి చేసిన నీళ్లు. అందులో అల్యూమినియం మిగిలితే ఫ్లోరైడ్‌ను పట్టుకుని రసాయనానికి దొరకనివ్వదు, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అలాంటి నీళ్లను ల్యాబ్‌లో డిస్టిలేషన్ చేయించి గానీ, ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌తో గానీ చూడాలి. ఇంట్లో ఫోన్‌తో వచ్చిన అంకె, ఏ బోరును ముందు ల్యాబ్‌కు పంపాలో తేల్చుకోవడానికి. తాగొచ్చని చెప్పడానికి మాత్రం కాదు.

గడియారంసెంటర్:

మస్తు వివరంగ చెప్పిన్రు, థ్యాంక్స్. నీళ్ల సంగతి ప్రింట్ తీసి కౌంటర్ కాడ పెడ్త. గ్లాసు ఫోన్ మిగిలింది. దాంతోపాటు ఇంకోటి: మిర్యాలగూడల రైస్ మిల్లు నడిపే కస్టమర్ ఒకాయన మడత ఫోన్ కావాలంటున్నడు. మిల్లు దుమ్ముల ఆగుతదా?

పిక్సెల్_గ్లూ:

గ్లాసు ఫోన్ రాదు. స్క్రీన్ పారదర్శకంగ చేయొచ్చు, అసొంటి ఓఎల్‌ఈడీలు 40 శాతం పైన వెలుగు వదుల్తయి. బ్యాటరీ, బోర్డు, కెమెరా ఎక్కడ దాస్తవు? అదే స్క్రీన్ ఎండల చూస్తే వెనక వెలుగు కలిసి అక్షరం కనవడదు. గాలిల బొమ్మ కూడ అంతే, వెలుగు మన కంటికి తిరిగి రానీకి ఏదో ఒకదానికి తగలాలె, ఖాళీ గాలిల తగలనీకి ఏం లేదు. 2018ల రెడ్ హైడ్రోజెన్ వన్ “హోలోగ్రాఫిక్” అని అమ్మిన్రు. అందుల ఉన్నది నాలుగు కోణాల బొమ్మను విడదీసి చూపే స్క్రీన్, ఏడాదికే ఆపేసిన్రు. స్క్రీన్ కింద కెమెరా మాత్రం నిజంగనే వచ్చింది, 2020ల జడ్‌టీఈ యాక్సాన్ 20. పిక్సెల్‌ల సందుల నుంచి వచ్చే వెలుగు చెదిరి ఫొటో మసకైతది. సామ్‌సంగ్ తన మడత ఫోన్ ఫోల్డ్3ల పెట్టి, ఫోల్డ్7ల తీసేసింది.

మడత ఫోన్‌కు రైస్ మిల్లు మంచి జాగ కాదు. సామ్‌సంగ్ ఫోల్డ్6 రేటింగ్ ఐపీ48. ఐపీ అంటే దుమ్ము, నీళ్లు ఎంతవరకు ఆపుతదో చెప్పే లెక్క, మొదటి అంకె దుమ్ముది. మొదటి అంకె 4 అంటే 1 మిల్లీమీటర్ కంటే పెద్దవే ఆగుతయి. తవుడు, ఊక దుమ్ము దానికంటే చానా సన్నగ ఉంటది, హింజ్‌లకు (మడత కీలుకు) పోతది. లోపలి గ్లాసు 30 మైక్రాన్ల మందమే. గింజ ముక్క ఒక్కటి మడతల పడి మూసిన్రంటే గీత పడుతది. 2025ల గూగుల్ పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్ ఐపీ68తోని వచ్చింది, 6 అంటే దుమ్ము లోపలికి పోదని, కొనాల్సిందే అంటే అసొంటిది చూడమను.

కొన్నంక జాగ్రత్తలు: మూసే ముందు మెత్తటి బ్రష్‌తోని మడత తుడవాలె. బ్లోయర్ కొట్టొద్దు, గాలి దుమ్మును హింజ్‌లకే నెడుతది. లోపలి స్క్రీన్ మీద ఫ్యాక్టరీ ఫిల్మ్‌ను స్క్రీన్‌గార్డ్ అనుకొని పీకొద్దు. 2019ల మొదటి ఫోల్డ్ రివ్యూ ఫోన్లు కొన్ని అట్లనే పోయినయి. మడత కాడ ఫిల్మ్ బుడగ లేస్తే తెరుసుడు మూసుడు తగ్గించి సర్వీస్ సెంటర్ల మార్పించుకోవాలె. నల్ల గీత లేదా పచ్చ గీత కనవడిందంటే ఫోన్ తెరిచే ఉంచి, అదే రోజు డేటా మొత్తం బ్యాకప్ తీసుకొమ్మను. మళ్ల మూస్తే స్క్రీన్ వెలుగుతదని చెప్పలేం, టచ్ పోతే పిన్ కొట్టనీకి కూడ రాదు.